వరుసలో సాంసన్ చెప్పులు

పొద్దున పొయ్యి మీద చాయ్ గిన్నె పెట్టేసరికి ఇదివరకు ఆ ఇంట్లో వాతావరణం వినబడేది. సాంసన్ వాకిట్లో వేపపుల్ల నములుతూ, ఫోను చెయ్యి చాపినంత దూరం పట్టుకుని, మెసేజ్‌లో ఉన్నదంతా బడిపిల్లాడు పాఠం అప్పజెప్పినట్టు గట్టిగా చదివేవాడు. "రాగల ఇరవై నాలుగు గంటల్లో అక్కడక్కడ ఓ మోస్తరు..." అని ఆయన మొదలుపెట్టగానే సరోజ లోపలినుంచి, "అక్కడక్కడ అంటె ఎక్కడనో అడుగు జర" అనేది. రోజూ అదే మాట. రోజూ ఆయన నవ్వేవాడు.

"అక్కడక్కడ అంటె మనకాడ గూడ అనుకోవాలె సరోజా. అనుకుంటె పోయేదేమున్నది?"

ఇప్పుడు ఆ ఫోను బియ్యం డబ్బాలో ఉంటుంది. తీసి పారేద్దామంటే కుదరదు. బ్యాంకువాళ్లు పంపే నంబర్లు, వడ్లు అమ్మినప్పుడు వచ్చే మెసేజ్‌లు అన్నీ దానికే వస్తాయి. సాంసన్ పోయి ఏడాది అయినా వాతావరణం వాళ్లకు ఆ కబురు అందలేదు. తెల్లారగానే టింగుమని పంపుతూనే ఉంటారు. అందుకని సరోజ రాత్రి చార్జింగు పెట్టి, లేవగానే దాన్ని బియ్యంలోకి తోసి మూత పెట్టేస్తుంది. అందులో మోగితే ఎవరో నోటికి గుడ్డ అడ్డం పెట్టుకుని పిలిచినట్టు ఉంటుంది. వంటకు బియ్యం తీసేటప్పుడు వేళ్లకు తగిలితే పక్కకు నెట్టి చేటలోకి పోసుకుంటుంది. చదవదు.

"పోయిన కొడుక్కు రోజు వాన కబురు పంపుతరు గని, బతికున్న ముసల్దానికి పింఛన్ కబురు పంపరేందే?" అని అత్త గట్టమ్మ మంచంలోంచి గొణుగుతుంది.  సరోజ పొయ్యి మీద ఇదివరకటికంటే ఒక గ్లాసు చాయ్ తక్కువ పెడుతుంది, అంతే.

ఊరు దంతాలపల్లికి అవతల, తారురోడ్డు దిగి కాలువ గట్టు వెంబడి పోతే వస్తుంది. సరోజ పుట్టిల్లు జఫర్‌గఢ్ దగ్గర. అయిదో తరగతి దాకా చదివి, ఆ పైన పత్తి చేలల్లో కూలికి పోయి, సాంసన్‌ను చేసుకుని ఇక్కడికి వచ్చింది. ఉన్న కొద్దిపాటి పొలాన్ని సాంసన్, అతని తమ్ముడు రాజు కలిసే చేసుకునేవాళ్లు. ఒక్కతే కూతురు ప్రవళిక, మానుకోటలో డిగ్రీ చదువుతుంది. ఆదివారం ప్రార్థనకు పోయేవాళ్లు, సోమవారం నాట్లకు పోయేవాళ్లు. చెప్పుకోవడానికి అంతకంటే పెద్ద బతుకేం కాదు. సాంసన్‌కు ఉన్న విచిత్రమల్లా ఒకటే: చదువుకున్నవాళ్లు 'ముందు ఇట్లా కాబోతుంది, జాగ్రత్త' అంటే నమ్మేవాడు.

నిజానికి ఆయన పుట్టింది అలాంటి మాటలు నమ్మకూడని ఇంట్లోనే. ఆ కథ గట్టమ్మ ఎవరు దొరికితే వాళ్లకు చెబుతుంది.

"ఆకాశంల తిరిగే స్కైలాబు పడ్తది, ఊళ్లన్ని బుగ్గయితయి అన్నరు బిడ్డా. రేడియోల జెప్పిండ్రట. ఎవడిన్నడు రేడియో? ఊరంతటికి ఒక్కటే ఉండె, అది గూడ పటేలు ఇంట్ల. ఇగ మా మొగడేం జేసిండు? సచ్చెటోళ్లకు మేకలెందుకని దొడ్లె ఉన్నయన్ని కోయిచ్చిండు. గీ సాంసను చేతుల మీద పెరిగిన మేకపిల్లను గూడ ఇడువలె. ఓ దిక్కు కూర తినుకుంట, ఓ దిక్కు ఏడ్సుకుంట వీడు. తెల్లారి లేసి చూస్తె ఏమున్నది? ఆకాశం ఆకాశం కాన్నే ఉన్నది. దొడ్డి ఖాళీ."

సాంసన్ ఊరుకునేవాడు కాదు. "అవ్వా, పడుతదన్నరు, పడ్డది. ఎక్కడ పడుతదో మాకు తెల్వదు అన్నరు, యాడనో సముద్రంల పడ్డది. మేకలు కోయుమని సైంటిస్టులు జెప్పిండ్రా? బాపుకు కూర మీద మనసయింది, స్కైలాబు మీద పెట్టిండు."

ఇల్లంతా నవ్వేది. గట్టమ్మ కూడా పమిట అడ్డం పెట్టుకుని నవ్వేది.

అట్లాగని ఏది పడితే అది నమ్మేవాడు కాదు సాంసన్. ఓ యేడు టీవీలో యుగాంతం, యుగాంతం అని ఒకటే మోత. పక్క పొలం పరశురాములు ఆ చోద్యమేందో చూస్తానని డాబా ఎక్కి పడుకున్నాడు. తెల్లారి దిగివచ్చి, "యుగాంతం రాలే గని సాంసనూ, దోమలు మాత్రం బగ్గ వచ్చినయి" అన్నాడు. "ఎవరు జెప్పిండ్రో అడగాలె బావా ముందుగాల" అన్నాడు సాంసన్. "టీవీవోడు జెప్పిండా, సదివినోడు జెప్పిండా? నేనయితె అదొక్కటి అడుగుత."

ఆయన పేరు మారింది మాత్రం ఒక ఎండాకాలం, యాసంగి వరి కోతలప్పుడు. కొనుగోలు సెంటరులో ఊరందరి వడ్లూ ఎండబోసి ఉన్నాయి. రాళ్లవాన అని మెసేజ్ వచ్చింది. ఎండ ఫెళఫెళలాడుతుంది. సాంసన్ ఒక్కడే వడ్లు కుప్పచేసి, ప్లాస్టిక్ పరదాలు కప్పి, అంచుల మీద రాళ్లు పేర్చాడు. పరశురాములు బీడీ ముట్టించుకుని, "ఏంది సాంసనూ, వడ్లకు సలిపెడుతున్నదా? ఓ రగ్గు గూడ కప్పు" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు పడీపడీ నవ్వారు. పొద్దు గూకకముందే రాళ్లవాన దంచింది. అందరి వడ్లూ నీళ్లల్లో తేలాయి. సాంసన్ కుప్ప ఒక్కటి పరదా కింద పొడిగా ఉంది.

ఆ సంగతి విని పరిశోధన కేంద్రం నుంచి పద్మలత మేడం వచ్చింది. వాతావరణం మీద పనిచేసే శాస్త్రవేత్త. పరదా పక్కన నిలబెట్టి ఆయనకు ఫొటో తీసింది, తన నంబరు ఇచ్చింది. అప్పటినుంచి ఊళ్లో ఆయన వాన సాంసన్. ఏ మెసేజ్ వచ్చినా గడప గడపకూ పోయి చెప్పేవాడు. ప్రార్థన అయిపోయాక మైకు అడిగి వాతావరణం చదివేవాడు. పాస్టరు, "ఆకాశం సంగతి తండ్రి చూసుకుంటడు, నువ్వు కూసో బ్రదర్" అంటే, "తండ్రే పంపిండేమో అయ్యగారూ మెసేజ్" అనేవాడు. మేడం చెప్పిందని కోతయ్యాక పొలంలో మిగిలిన కొయ్యకాళ్లకు నిప్పు పెట్టడం మానేశాడు. భూమి వేడెక్కుతుందట, ఇంకా ముదిరితే పంటలుండవు, నీళ్లుండవు, దేశదేశాలే ఆగమైపోతాయట.

రాజుకు ఒళ్లు మండేది. "మనం అగ్గిపుల్ల గీస్తెనే భూమి కాలుతదా అన్నా? అక్కడ భూపాలపల్లిల బొగ్గు గుట్టలు గుట్టలు తీసి కాల్చవట్టిరి. వాళ్లకు రాదా నీ మెసేజ్?"

"వాళ్లకు గూడ వస్తది. వాళ్లు ఇనరు. మనం విందాం."

ఇక పోయిన యాసంగి సంగతి.

సెంటరులో వడ్లు నింపే గోనెసంచుల కోసం వరుస ఉంటుంది. లారీ ఎప్పుడు వస్తుందో ఎవరికీ తెలియదు. అంతసేపు ఎండలో ఎవరు నిలబడతారు? అందుకని మనుషులకు బదులు చెప్పులు నిలబడతాయి. ఎవరి జత ఎవరిదో ఊరందరికీ ఎరుకే. ముందు జత కదిలితే, ఎవరు చూస్తే వాళ్లు వెనకవన్నీ తలా ఒక జానెడు ముందుకు జరుపుతారు. పొలం గెట్ల పంచాయితీలున్నవాళ్లు కూడా చెప్పుల వరుసలో మోసం చేయరు. ఇంకోటి, వడ్ల మీద చెప్పులతో ఎవరూ నడవరు. తినే గింజ. హిందువులైనా, ప్రార్థనకు పోయేవాళ్లైనా సరే, వట్టికాళ్లతోనే వడ్లు తిరగేస్తారు. చెప్పులు వరుసలో ఉంటే నష్టమేముంది అనిపిస్తుంది, పొద్దున చల్లని పూట.

ఆ రోజు ఫోనుకు రెండు మెసేజ్‌లు వచ్చాయి. మొదటిది: వడగాలులు వీస్తాయి, మధ్యాహ్నం పూట ఎవరూ ఎండలో తిరగరాదు, పని చేయరాదు. రెండోది: మధ్యాహ్నం తర్వాత ఈదురుగాలులతో వర్షం పడవచ్చు, ఆరబోసిన ధాన్యాన్ని వెంటనే కప్పుకోవాలి. సాంసన్ వాకిట్లో నిలబడి రెండూ చదివాడు.

"రెండిట్ల ఏది?" అంది సరోజ.

"రెండూ నిజమే సరోజా. సదివినోళ్లు జెప్పిండ్రు."

రాజు ట్రాక్టరు కోసం మానుకోట పోయి ఉన్నాడు. సరోజ ఇంట్లో అత్తకు వండిపెట్టి సద్ది కట్టుకుని వస్తానంది. సెంటరుకు పోయిన సాంసన్ చెప్పులు వరుసలో పెట్టి, పరిచిన వడ్లన్నీ ఒక్కడే పలకతో గుంజి కుప్ప చేశాడు. నడినెత్తిన ఎండ. కింద సిమెంటు గచ్చు. పరదాలు కప్పి, తాళ్లు బిగించి, దాని పక్కనే తల ఆనించి ఒరిగాడు. చూసినవాళ్లు అలిసి నిద్రపోయాడనుకున్నారు.

సరోజ వచ్చి తట్టి లేపితే ఒళ్లు పెనం మీద చెయ్యి పెట్టినట్టు కాలింది. చుక్క చెమట లేదు. కళ్లు సగం తెరిచి, "మబ్బులొచ్చినయా?" అన్నాడు. ఆటోలో దంతాలపల్లి తీసుకుపోయారు. అక్కడినుంచి మానుకోట పెద్ద దవాఖానకు తీసుకుపోతుంటే దారిలోనే అయిపోయింది.

ఊళ్లో ఒక్క చినుకు పడలేదు. ఆ సాయంత్రం వాన జఫర్‌గఢ్ దిక్కు పడింది. కబురు విని వచ్చిన సరోజ అన్నలు నిలువునా తడిసి వచ్చారు. శవం ముందర నిలబడి తువ్వాలలతో తలలు తుడుచుకున్నారు. సరోజ ఏడుస్తూ ఏడుస్తూ ఆ నీళ్లను చూసింది. అక్కడక్కడ అంటే ఎక్కడో అప్పుడు తెలిసింది ఆమెకు.

మట్టి చేసే పొద్దుకు సంచుల లారీ వచ్చిందట. వరుసలో సాంసన్ చెప్పులు జరుగుతూ జరుగుతూ ముందుకు వచ్చాయట. సంచులు పంచేవాడు, "ఈ జోడెవరిది? మనిషేడి?" అని అడిగితే ఎవరూ పలకలేదట. పక్కకు జరిపినవాళ్లు కూడా లేరు. చివరికి పరశురాములే సంచులు తీసుకుని, చెప్పులను వాటి మీద పెట్టుకుని ఇంటికి తెచ్చి గడప దగ్గర విడిచి, మాట్లాడకుండా పోయాడు. అవి ఇప్పటికీ అక్కడే ఉన్నాయి.

మాట్లాడకుండా పోయినవాడు నెల తిరగకముందే మాట్లాడాడు. బండి దగ్గర చాయ్ తాగుతూ, "మెసేజ్ నమ్మి నమ్మి పాయె పాపం. మనకు ఫోన్ల నెట్టే లేదు, గుండ్రాయి లెక్క ఉన్నం" అన్నాడట. ఆ మాట సరోజ చెవిన పడింది. అప్పటినుంచి ఆమెకు అందరి మీదా ఒకే తీరు కోపం. టీవీలో మంచుకొండలు కరిగిపోతున్నాయని చూపిస్తే లేచి ఆపేస్తుంది. ఉత్తదే, అంతా బెదిరింపు అని ఎవరన్నా అంటే అక్కడినుంచీ లేచిపోతుంది. పాస్టరు కడవరి దినాలు అని ప్రసంగం ఎత్తుకుంటే ఆయనను గుడ్లురిమి చూస్తుంది. ముందుముందు కాబోయేది చెప్పేవాళ్లంటేనే కిట్టదు ఆమెకు.

ఈ యాసంగి వడ్లు మళ్లీ సెంటరుకు వచ్చాయి. రాజూ సరోజా కలిసి పండించినవి. ప్రవళిక సెలవులకు ఇంటికి వచ్చి తిరగేయడానికి సాయం పడుతుంది. సెంటరును ఆనుకునే రైతు వేదిక హాలు ఉంది. అక్కడ మీటింగు పెట్టారు, పద్మలత మేడం వస్తుంది, సాంసన్ పేరు మీద సన్మానం చేస్తారు అని కబురు వచ్చింది. సరోజ పోనంది.

"బాపు ఫొటో పెడుతరటనే అమ్మా. నువ్వు లేకుంటె ఏం బాగుంటది?" అని ప్రవళిక చెయ్యి పట్టుకుంది.

బిడ్డ మాట కాదనలేక పోయింది. రాజు తన చెప్పులు సంచుల వరుసలో పెట్టి వెనకే వచ్చాడు.

లోపల ఫ్యాన్లు తిరుగుతున్నాయి. గోడ మీద తెర. తెర మీద ప్రపంచమంతా ఎర్రగా కందిపోయిన పటం. పద్మలత మేడం మెత్తగానే మాట్లాడుతుంది. సముద్రాలు ఎట్లా పొంగుతాయో, ఎండలు ఎట్లా పెరుగుతాయో, ఇప్పటినుంచి జాగ్రత్త పడకపోతే ఇంకో ముప్పై ఏళ్లకు ఏమవుతుందో చెప్పింది.

"ముప్పై ఏండ్లకు నేనుంటనా మేడం?" అన్నాడు పరశురాములు వెనక వరుసలోంచి. "నాకు రేపటి సంచుల సంగతి జెప్పుండ్రి, సాలు."

హాలంతా గొల్లుమంది. మేడం కూడా చిన్నగా నవ్వింది. నవ్వినవాళ్లందరినీ సరోజ ఒక్కొక్కరినే చూసుకుంటూ వచ్చింది.

తర్వాత తెర మీద సాంసన్ వచ్చాడు. రాళ్లవాన యేడు తీసిన ఫొటో. పరదా మీద ఒక చెయ్యి వేసి, పళ్లన్నీ కనిపించేలా నవ్వుతున్నాడు. ప్రవళిక తల్లి భుజం మీద ముఖం పెట్టుకుంది.

"సైన్స్‌ను నమ్మిన రైతు. ఆయన లాగా అందరూ నమ్మితే..." అంటూ మేడం శాలువా విప్పి, సరోజను ముందుకు రమ్మంది.

సరోజ లేచింది. ముందుకు పోలేదు. పది మంది ఎదుట ఎప్పుడూ నోరు విప్పని మనిషి, ఉన్నచోటనే నిలబడి అడిగింది.

"నమ్మితె ఏమయితది మేడం?"

"ఏమన్నారమ్మా?"

"ఆయన తీరు నమ్మితె అందరు ఏమయితరు? అది జెప్పుండ్రి."

"వదినె, కూసో" అన్నాడు రాజు గుసగుసగా.

"మీ బాధ నేను అర్థం చేసుకోగలనమ్మా..."

"నా బాధ పక్కన పెట్టుండ్రి. ఆ దినం రెండు మెసేజీలు పంపిండ్రు. ఎండల తిరగొద్దు అన్నది మీరే. ఉరికి వడ్లు కప్పుకోండ్రి అన్నది మీరే. మనిషి ఒక్కడు. ఏది ఇనాలె?"

మేడం శాలువాను చేతి మీద వేసుకుంది. "అవి రెండూ వేరువేరు చోట్ల నుంచి వస్తాయమ్మా. రెండూ నిజమే. ఆ రోజు వాన కూడా పడింది, జఫర్‌గఢ్ వైపు..."

"నాకెరుక లేదా? మా అన్నలు తడిసొచ్చిండ్రు. పీనుగ ముంగట తలలు తుడుసుకున్నరు."

ఆ మాటతో పరశురాములుకు ధైర్యం వచ్చింది. "గదే గదా సరోజక్కా నేను మొదటిసంది మొత్తుకునేది. గీళ్ల మాటలు ఉత్తయే. కూసొని కథలు జెప్తరు..."

"నువ్వు నోరు ముయ్యి." సరోజ వెనక్కి తిరిగింది. "ఉత్తదని నేనన్ననా? ఎండ కొడుతదన్నరు, కొట్టింది. వాన పడుతదన్నరు, పడ్డది. గా బొమ్మల జూపిచ్చింది గూడ అయితనే ఉంటది. నువ్వు నవ్వుకుంటనే ఉంటవు. నా మొగని సావును చాయ్‌లకు నంజుకున్నవు నువ్వు, నా తరఫున మాట్లాడకు."

పరశురాములు తల దించుకుని తువ్వాల దులుపుకున్నాడు.

ఆమె మళ్లీ మేడం వైపు తిరిగింది. గొంతు పెంచలేదు. పెంచకపోవడం చూసే అందరికీ భయమేసింది. "మీ మాట నిజమే మేడం. నిజమని దండం పెట్టాల్నా? మీరు నీడల కూసొని నిజం పంపిండ్రు, ఆయన ఎండల మోసిండు. కొయ్యకాళ్లు కాల్చొద్దన్నరు. ఆయన కాల్చలే, తమ్మునితోని తిట్లు పడ్డడు. ఆయన కాల్చకపోతె మీ పటం మీద ఎరుపు ఎంత తగ్గింది?"

మేడం తెర వైపు చూసింది.  "ఏమీ తగ్గలేదమ్మా" అంది. "మరి మేము చెప్పడం మానేయమంటారా?" అని అడిగింది. వెటకారంగా కాదు, నిజంగానే అడిగింది.

 ఆ మాటకు సరోజకు కోపం ఇంకా పెరిగింది. "అది నాకేం తెలుసు? సదువుకున్నది మీరు. గా శాలువా నాకొద్దు."

సరిగ్గా అప్పుడు రాజు జేబులో ఫోను టింగుమంది. వెంటనే ముందు వరుసలో ఇంకోటి, ఆ వెనక మూల ఇంకోటి. హాలు నిండా ఫోన్లు మోగాయి. రాజు తీసి చూశాడు. ముఖం మాడిపోయింది.

"ఏమొచ్చింది?" అంది సరోజ.

"వడగాలులు, బయట తిరగొద్దంట. ఇంకోటి..." అతను రెండో మెసేజ్ తెరిచాడు. "ఇంకోటి వాన. గాలివాన. వడ్లు కప్పుకొమ్మని."

కుర్చీలు కిందపడ్డాయి. ఇంతసేపూ నవ్వినవాళ్లే అందరికంటే ముందు ఉరికారు. పరశురాములు అందరి కంటే ముందు. బయట ఎండ తెల్లగా ఉంది, కళ్లు తెరవనివ్వడం లేదు. వట్టికాళ్లతో గచ్చు మీద పడి, కాళ్లు ఎత్తి ఎత్తి వేస్తూ ఎవరి వడ్ల దగ్గరికి వాళ్లు పోతున్నారు.

"వదినె, పరదలు! ప్రవళికా, తాళ్లు పట్టు!" అని రాజు అరిచాడు.

వాళ్ల పరదాలు వేదిక సజ్జ కింద, నీడలో మడతపెట్టి ఉన్నాయి. సరోజ గబగబా అక్కడికి పోయింది. పోయి ఆ మడతల మీద కూర్చుంది.

రాజుకు ముందు అర్థం కాలేదు. "లెవ్వు వదినె."

"లెవ్వ. ఎండ దిగినంక కప్పుదాం."

"ఎండ దిగేదాక వాన ఆగుతదా? యాడాది కష్టం గది! తడిస్తె మొలకలొస్తయి, ఎవడు గొనడు!"

"తెలుసు."

"తెలిసి కూసుంటవా? అన్న ఉంటె ఉరికెటోడు!"

"ఉరికిండు" అంది సరోజ.

 అయినా రాజు కాళ్లు ఆగలేదు. పరదాలు లేకపోతే మానె, కుప్పన్నా చేస్తానని గచ్చు మీదికి దిగాడు. సరోజ కూతురి వైపు చూసి, "దీని మీద నువ్వు కూసో. లేసినవో చూడు" అంది. ప్రవళిక తాళ్లు చేతిలో పట్టుకునే పరదాల మీద కూర్చుంది. సరోజ సంచుల వరుస దగ్గరికి నడిచింది. రాజు చెప్పులు మధ్యలో ఉన్నాయి. ఆ ఊళ్లో వరుసలోంచి చెప్పులు వెనక్కి తీసినవాళ్లు అప్పటిదాకా లేరు. ఆమె వంగి ఆ జత తీసింది. వెనక జతను ముందుకు జరిపింది. వచ్చి మరిది ముందర చెప్పులు పడేసింది.

"ఏస్కో. ఏస్కొని నీడకు రా."

"వదినె, వరుస పాయె గదా!"

"పోనీ. మీ అన్న జోడు వరుసల ముందటికొచ్చింది, ఏమొరిగింది? నువ్వు ఇప్పుడు వస్తవా, నన్ను గీ ఎండలనే నిలవడమంటవా?"

ఆమె నిలబడింది. చెప్పులున్నా కాలు కింద గచ్చు కాలుతుంది, నెత్తి మీద కొంగు కూడా వేసుకోలేదు. రాజు ఆమెను చూశాడు, వడ్లను చూశాడు. బూతు మాట ఒకటి తిట్టాడు, ఎవరినో తెలియదు. చెప్పులు తొడుక్కున్నాడు.

ముగ్గురూ సజ్జ కింద కూర్చున్నారు. పద్మలత మేడం శాలువా అట్లాగే చేతిలో పట్టుకుని బయటికి వచ్చింది. వాళ్ల వడ్లు మాత్రమే పరిచి ఉండటం చూసి, గచ్చు మీదికి ఒక అడుగు వేసి, "నేను కూడా పడతానమ్మా, తలా ఒక చెయ్యి వేస్తే అయిపోతుంది" అంది.

"ఎండల తిరగొద్దని మీరే రాసిండ్రు మేడం. నీడకు రాండ్రి" అంది సరోజ. ఆ పిలుపులో మర్యాద ఏమీ లేదు. మేడం వచ్చి నీడ అంచున నిలబడింది. కూర్చోమని ఎవరూ అనలేదు. జరిగి చోటు ఇవ్వలేదు.

గచ్చు మీద జనం పరదాలు గుంజుతున్నారు, అరుచుకుంటున్నారు. పరశురాములు తన కుప్ప మీద తాళ్లు బిగిస్తూ ఇటు తిరిగాడు. ముఖం కందగడ్డలా ఉంది. "సరోజక్కా, నీ వడ్లు! ఓ సరోజక్కా!"

"నువ్వు ముందు నీడకు రా, సస్తవు!" అని కసిరింది ఆమె. అతను విన్నాడో లేదో, మళ్లీ తాళ్ల మీదికి వంగాడు.

జఫర్‌గఢ్ దిక్కున ఆకాశం అంచు నల్లబడింది.

"అమ్మా, మబ్బు" అంది ప్రవళిక.

"చూస్తున్న."

గాలి ఒకసారి వీచింది. వేడిగా వీచి, దాని వెనకనే కొంచెం చల్లగా వీచింది. రాజు మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని లేవబోయాడు. సరోజ అతని చొక్కా అంచు పట్టుకుంది. ఇంకో చేత్తో పరదా కొసను తన కిందికి లాక్కుని, బరువంతా వేసి కూర్చుంది. ఎదురుగా వడ్లు పరిచినవి పరిచినట్టే ఉన్నాయి.